పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు

సంఘం గ్రూపులో మొన్న జరిగిన గొడవకి ఇది మా జవాబు. మేము అంటే ఆదివారం సాయంత్రం సంఘం మేడ మీద పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెప్పే నలుగురం. ముగ్గురం రోజూ అత్తిబెలె దాటి బెంగళూరు పోయి పనిచేసి వచ్చేవాళ్ళం, ఒకరు ఇక్కడే హోసూరు సిప్‌కాట్‌లో. పొడుగుగా ఉంటుంది, ముందే చెప్తున్నాం. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

గొడవ ఏమంటే, మన సంఘం అమ్మాయి ఒకతె చిన్న కంపెనీలో పనిచేస్తుంది. పల్లెల్లో పాలు పోసే కేంద్రాల్లో పెట్టే కొలత మిషన్లు చేస్తారు వాళ్ళు. బ్యాటరీతో నడిచేవి. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పని, మధ్యలో నిద్ర. ఆ మిషన్లు ఇప్పుడు వరసగా వాపసు వస్తున్నాయి. రాత్రి నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి చచ్చి పడుంటుంది. పాలు తెచ్చినవాళ్ళు క్యాను పట్టుకొని నిలబడి ఉంటారు, మిషను లేవదు. కంపెనీ ఏం చేసింది? కరెంటుకి సంబంధించిన ఆ ఫైలులో చివరగా ఎవరి పేరుంది అని చూసి, ఈ అమ్మాయిని సంజాయిషీ రాసివ్వమని అడిగింది.

గ్రూపులో ఈ సంగతి తెలిసి ఒక పెద్దాయన పెట్టిన మాట ఇది: ఒక్క లైనుతో పోయేదానికి మూడు రోజులు తీసుకుందంట, మన పిల్లలకి చదువుంది గానీ పనితనం లేదు. దాని కింద పదిహేడు బొటనవేళ్ళు. ఇంకొకాయన, ఈ కెర్నెల్ గోల మన గ్రూపులో ఎందుకప్పా, ఉగాది చందా లెక్కలు తేల్చండి అన్నారు. లెక్కలు తేలుస్తాం. ముందు ఇది తేలాల.

మామా, మీరు ముప్పై ఏళ్ళు మోటరు వైండింగు షాపు నడిపిన మనిషి. మీకు ఇది అర్థం కాని విషయం కాదు. మీకు చెప్పినవాళ్ళు సగమే చెప్పినారు. మిగతా సగం మేము చెప్తాం. కంపెనీ పేరు, చిప్ పేరు ఇక్కడ రాయం. అమ్మాయికి ఇంకా అక్కడే ఉద్యోగం.

ఇంట్లో నీళ్ళ సంగతి అనుకోండి. బోరు నుంచి సంపు, సంపు నుంచి మిద్దె మీద ట్యాంకు, ట్యాంకు నుంచి కొళాయి. ఆ మిషనులో కరెంటు అట్లనే పోతుంది. బ్యాటరీ 3.7 వోల్టులు. లోపలి చిప్పులకి ఒకదానికి 1.8 కావాలి, ఒకదానికి 1.2. ఈ పంపకం చేసే చిప్‌ని పీఎంఐసీ అంటారు. దాని కడుపులో రెండు రకాల రెగ్యులేటర్లు. బక్ అనేది స్విచింగ్ రకం, వోల్టు తగ్గించేటప్పుడు పెద్దగా వృథా చేయదు. ఎల్‌డీఓ శుభ్రమైన కరెంటు ఇస్తుంది గానీ, తగ్గించిన వోల్టునంతా వేడి చేసి పారేస్తుంది. 3.7 నుంచి నేరుగా 1.2 కి దింపితే, 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర పావు వాటు వేడికే పోతుంది. అదే ముందు బక్‌తో 1.8 కి దింపి, అక్కడి నుంచి ఎల్‌డీఓతో 1.2 చేస్తే వేడికి పోయేది 0.06 వాటు. బ్యాటరీ మిషను కాబట్టి బోర్డు గీసినవాళ్ళు తెలివిగా రెండో దారి పట్టినారు. బక్-3 నుంచి ఎల్‌డీఓ-2, ఎల్‌డీఓ-2 నుంచి పాల కొలత చిప్. మంచి డిజైను. తప్పు అక్కడ లేదు.

మిషనులో నడిచేది లైనక్స్. ఈ రెగ్యులేటర్ల లెక్క చూసుకునే భాగం కెర్నెల్‌లోకి 2008లో వచ్చింది, 2.6.27 తో. ఎవరు ఎవరికి కరెంటిస్తారో, ప్రస్తుతం ఎంతమంది వాడుతున్నారో, ఎవరూ వాడకపోతే ఎప్పుడు ఆపాలో అది చూస్తుంది. బోర్డు మీద ఏ తీగ ఎక్కడికి పోతుందో డివైస్ ట్రీ అనే ఫైలులో రాసిపెడతారు. ఎల్‌డీఓ-2 దగ్గర, నీకు నీళ్ళు బక్-3 నుంచి వస్తాయి అని ఒక లైను ఉంటుంది. మొత్తం గొడవ ఈ లైను గురించే.

కెర్నెల్ లేచేటప్పుడు వందలాది డ్రైవర్లు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. నాకు కరెంటిచ్చేవాడు ఇంకా లేవలేదే అని ఎవరైనా అంటే ఏం చేయాలి? 2012లో, 3.4 కెర్నెల్‌తో దీనికి ఒక పద్ధతి పెట్టినారు. డ్రైవరు తన ప్రోబ్‌లో మైనస్ 517 అనే నంబరు తిరిగి ఇస్తే, ఇప్పుడు కాదు, మళ్ళీ పిలవండి అని అర్థం. దాన్ని పక్కన కూర్చోబెడతారు. ఇంకో డ్రైవరు ఏదైనా విజయవంతంగా లేచినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళని మళ్ళీ పిలుస్తారు. పెళ్ళిలో బంతి భోజనం మాదిరి. మొదటి బంతిలో చోటు దొరక్కపోతే రెండో బంతి. ఎంత ఆలస్యమైనా అందరూ తినే పోతారు.

ఇప్పుడు ఆ కంపెనీ దగ్గరున్న కెర్నెల్ 3.18. అంటే 2014 డిసెంబరుది. ఎందుకంత పాతది అని అడగకండి. మన దేశంలో చిన్న కంపెనీలకి చిప్ అమ్మేవాడు చేతిలో పెట్టిన కెర్నెలే గతి. ఆ కెర్నెల్‌లో, ఒక రెగ్యులేటర్ పేరు నమోదు చేసుకునేటప్పుడే దానికి నీళ్ళిచ్చేవాడి పేరు రిజిస్టరులో ఉందా అని చూస్తారు. లేకపోతే మైనస్ 517. ఆ పీఎంఐసీ డ్రైవరు రాసినవాడు పట్టికలో ఎల్‌డీఓలని ముందు పెట్టినాడు, బక్‌లని తర్వాత. ఎందుకంటే చిప్ పుస్తకంలో ఆ వరస ఉందంట. అంతే, ఇంకేం కారణం లేదు.

ఏమైందో చూడండి. డ్రైవరు లేచింది. ఎల్‌డీఓ-1 నమోదయ్యింది. ఎల్‌డీఓ-2 వంతు. నీకు నీళ్ళిచ్చేదెవరు? బక్-3. బక్-3 ఇంకా నమోదు కాలేదే, పో, మళ్ళీ రా. మైనస్ 517. ఒక్కటి పోతే మొత్తం డ్రైవరే వెనక్కి పోతుంది, ఎల్‌డీఓ-1 పేరు కూడా కొట్టేస్తారు. కాసేపటికి మళ్ళీ పిలుస్తారు. మళ్ళీ ఎల్‌డీఓ-1, మళ్ళీ ఎల్‌డీఓ-2, మళ్ళీ బక్-3 లేదు, మళ్ళీ వెనక్కి. బక్-3 ని నమోదు చేయాల్సింది కూడా ఈ డ్రైవరే! అదీ ఎల్‌డీఓ-2 దాటితేనే! మన పెద్దలు చెప్పే సామెత ఇదే. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. తానే వండాల్సిన మనిషి బంతిలో కూర్చొని వడ్డన కోసం ఎదురు చూస్తున్నట్టు.

తెర మీద మాత్రం ఇదేం కనిపించదు. మెమరీ కార్డుకి కరెంటు కూడా ఆ పీఎంఐసీ నుంచే కాబట్టి కార్డు డ్రైవరు కూడా పక్కన కూర్చుంటుంది. చివరికి రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నాం అనే ఒక్క వాక్యం దగ్గర బండి ఆగిపోతుంది. చూసినవాడు కార్డు పాడయ్యింది అనుకుంటాడు. వాళ్ళూ అట్లనే అనుకున్నారు. రెండు వారాలు కార్డులు మార్చినారు. మామా, ఈ రెండు వారాల మాట మీకెవరూ చెప్పలేదు కదా? ఆ తర్వాతే పని ఈ అమ్మాయి చేతికి వచ్చింది.

ఆమె రాకముందే ఒక సీనియరు ఇంకో మందు వేసి చూసినాడు. కెర్నెల్‌లో డ్రైవర్లని అంతస్తుల వారీగా లేపుతారు. మామూలు డ్రైవర్లు మాడ్యూల్ ఇనిట్ అంతస్తులో, దానికంటే ముందు సబ్‌సిస్ అంతస్తు. ఒకే అంతస్తులో ఉన్నవాళ్ళలో ముందెవరంటే, మేక్‌ఫైలులో ఎవరి పేరు పైనుంటే వాళ్ళు. ఈయన పీఎంఐసీని సబ్‌సిస్ అంతస్తుకి ఎక్కించినాడు. 2012కి ముందు అందరూ చేసిన పనే ఇది, ఇప్పటికీ కెర్నెల్‌లో అట్లాంటి డ్రైవర్లు చాలా ఉన్నాయి. రేషన్ షాపు క్యూలో తెలిసినవాణ్ణి ముందుకు తోసినట్టు. రేపు ఇంకొకడు వస్తాడు, వాణ్ణి ఇంకా ముందుకు తోయాలి. పోనీ దీనివల్ల ఇక్కడేమైనా ఒరిగిందా అంటే అదీ లేదు. తనకోసం తానే ఎదురుచూస్తున్నవాణ్ణి క్యూలో ఎంత ముందుకు తోస్తే ఏం లాభం?

అమ్మాయి ఏం చేసిందో చెప్తాం. కెర్నెల్‌ని వివరంగా మాట్లాడించే ఆప్షన్లు పెట్టి, లేచేటప్పుడు ప్రతి ప్రోబ్ ఏం తిరిగిచ్చిందో మొత్తం సీరియల్ కేబుల్ మీద పట్టుకుంది. అందులో పీఎంఐసీ ప్రోబ్ పదే పదే మైనస్ 517 తో వెనక్కి పోవడం, ప్రతిసారీ ఎల్‌డీఓ-2 దగ్గరే సప్లై దొరకలేదు అనే వాక్యం కనపడింది. అక్కడి నుంచి పట్టిక తెరిచి, బోర్డు స్కీమాటిక్ తెరిచి, డివైస్ ట్రీ తెరిచి, మూడింటినీ పక్క పక్కన పెట్టి చదివింది. ఒకటిన్నర రోజులో కారణం దొరికింది. మిగతా ఒకటిన్నర రోజు సరైన మందు ఏదో తేల్చుకోవడానికి.

పట్టికలో బక్‌లని పైకి జరిపితే సరిపోదా అని మీరు అడుగుతారు. మేమూ అడిగినాం. ఈ బోర్డుకి సరిపోతుంది. నిజం చెప్పాలంటే కంపెనీ అదైనా చేసుంటే మేమింత రాసేవాళ్ళం కాదు. కానీ ఆమె చెప్పింది వినండి. పట్టిక చిప్‌ది. తీగలు బోర్డువి. ఎవరు ఎవరికి నీళ్ళిస్తారనేది బోర్డు గీసేవాడి ఇష్టం, డ్రైవరు రాసేవాడికి అది తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్ళ పెద్ద మిషనులో రెండు పీఎంఐసీలు ఉన్నాయంట. మొదటిదాని ఎల్‌డీఓకి రెండోదాని బక్ నుంచి, రెండోదాని ఎల్‌డీఓకి మొదటిదాని బక్ నుంచి కరెంటు. ఇప్పుడు ఏది ముందు పెడతారు చెప్పండి? ఏ వరసలో పెట్టినా కుదరదు. వరసతో తీరే సమస్య కాదు ఇది.

దీనికి కెర్నెల్ వాళ్ళే 2015లో మందు రాసినారు. నమోదు చేసుకునేటప్పుడు నీళ్ళిచ్చేవాణ్ణి వెతకొద్దు, పేరు రాసుకొని పంపించు. ఎవడైనా వచ్చి నాకు ఎల్‌డీఓ-2 కావాలి అని అడిగినప్పుడు వెతుకు. అప్పటికీ లేకపోతే, అడిగినవాణ్ణి మళ్ళీ రమ్మను. అంతే. ముడి విడిపోతుంది. ఒకే చిప్‌లో ఏ వరసలో రాసుకున్నా, రెండు చిప్పులు ఒకదాని మీద ఒకటి ఆధారపడినా పనిచేస్తుంది. ఆమె ఆ మార్పుని 3.18 కి వెనక్కి తెచ్చి, రెండు బోర్డుల మీద పరీక్షించి, రెండు పేజీల మెయిలు రాసి పంపింది. మూడు రోజులు. మేము నలుగురం కలిసి చేసినా అంతకంటే తొందరగా చేసేవాళ్ళం కాదు, ఒప్పుకుంటున్నాం.

మేనేజరు మెయిలు చదవలేదు. కోర్ ఫైలు ముట్టుకోవద్దు, సాయంత్రానికి బోర్డు లేవాలి అన్నాడు. ఆయన చెప్పించిన ఒక్క లైను మందు ఏంటంటే, డివైస్ ట్రీలో ఎల్‌డీఓ-2 కి నీళ్ళు బక్-3 నుంచి అనే లైను తీసెయ్యడం.

అది తీసేస్తే బోర్డు లేస్తుంది. తప్పకుండా లేస్తుంది. ఎల్‌డీఓ-2 ని నీకెవరిస్తారు అని ఎవరూ అడగరు కదా. అందరూ చప్పట్లు. కానీ కెర్నెల్ లేవడం పూర్తయ్యాక ఒకసారి ఇల్లంతా తిరిగి చూస్తుంది, ఎవరూ వాడని రెగ్యులేటర్లు వెలుగుతూ ఉంటే ఆర్పేస్తుంది. ఇప్పటి కెర్నెళ్ళు దీనికి 30 సెకన్లు ఆగుతాయి, 3.18 అయితే అక్కడికక్కడే. బక్-3 ని వాడేది ఎల్‌డీఓ-2 ఒక్కటే, ఆ సంగతి రాసిన లైను తీసేసినారు. కెర్నెల్ లెక్కలో బక్-3 కి దిక్కెవరూ లేరు. ఆర్పేసింది. సంపు మోటరు ఆపేసినాక ట్యాంకు కొళాయి తెరిచే ఉన్నా ఏమొస్తుంది? కొలత చిప్ డ్రైవరు లేచినప్పుడు బాగా జవాబిచ్చింది, కాసేపటికి మూగబోయింది. ఎల్‌డీఓ-2 రిజిస్టరు చదివితే ఆన్ అని ఉంటుంది. మల్టీమీటరు పెడితే సున్నా.

మామా, మీ షాపులో ఎవడైనా బోర్డు మీద ఇండికేటరు వెలుగుతావుంది కాబట్టి మోటరుకి కరెంటు ఉన్నట్టే అంటే ఏమంటారు?

అప్పుడు ఇంకో ఒక్క లైను. బక్-3 ని ఆల్వేస్ ఆన్ అని రాసినారు. ఎప్పుడూ ఆర్పకు. భద్రత కోసం ఎల్‌డీఓ-2 కి కూడా అదే. కొలత చిప్ బతికింది. మిషన్లు లారీ ఎక్కినాయి. పొద్దున పాల పని అయిపోయి మిషను నిద్రపోతే, ఆ రెండూ నిద్రపోవు. ఆర్పడానికి ఎవరికీ హక్కు లేదు, రాసిచ్చేసినారు కదా. వృథా ఎంత అనేది వాడిన చిప్‌ని బట్టి ఉంటుంది. వాళ్ళ అంకెలు మేము చెప్పం. మాట వరసకి 2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో 20 మిల్లీ ఆంపియర్లు ఊరికే కారుతూ ఉంటే, మిషను ఏ పనీ చేయకపోయినా నాలుగు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. సగం పాతబడిన బ్యాటరీ, రోజుకి రెండు పూటల పని, పల్లెలో కరెంటు కోతతో సరిగా ఎక్కని ఛార్జి, ఇవన్నీ కలుపుకొని చూడండి తెల్లారేసరికి ఏం మిగులుతుందో.

ఆ ఆల్వేస్ ఆన్ లైన్లు ఆమె చేతే టైపు చేయించినారు. అందుకే ఫైలులో చివరి పేరు ఆమెది. ఇది వద్దు అని ఆమె రాసిన మెయిలు తేదీ ఆ మార్పుకి రెండు రోజుల ముందుది. మేము నలుగురం చదివినాం.

ఎదుటివాళ్ళ వైపు న్యాయం కూడా చెప్పాల. మళ్ళీ రా పద్ధతికి చెడ్డ గుణాలు ఉన్నాయి. డ్రైవర్లు అటూ ఇటూ తిరిగి బోర్డు లేవడం ఆలస్యమవుతుంది. ఎవరు ఎందుకు ఎదురుచూస్తున్నారో చాలాకాలం కెర్నెల్ సరిగా చెప్పేది కాదు, నోరు మూసుకొని కూర్చునేది. తర్వాతి కెర్నెళ్ళలో డీబగ్ ఫోల్డరులో పక్కన కూర్చున్నవాళ్ళ జాబితా ఇచ్చే ఫైలు వచ్చింది, 2021లో 5.13 నుంచి డివైస్ ట్రీని ముందే చదివి ఎవరి తర్వాత ఎవరో తేల్చుకునే ఏర్పాటు మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. 3.18 వాళ్ళకి ఇవేవీ లేవు. ఒత్తిడిలో ఉన్న మేనేజరు కోర్ ఫైలు ముట్టుకోవడానికి భయపడినాడు అంటే మాకూ అర్థమవుతుంది. భయపడినవాడు పట్టిక వరసైనా మార్చుకోవాల్సింది. నిజం రాసిన లైనుని కొట్టేసి, అబద్ధం వల్ల వచ్చిన రోగానికి ఇంకో అబద్ధంతో మందేసి, చివరికి ఆ రోగం ఆ పిల్ల నెత్తిన రుద్దడం మాత్రం మాకు అర్థం కాదు.

ఇంకో మాట, ఉగాది లెక్కల అన్నకి. అన్నా, మీరు ప్రతి సభలో మైకు పట్టుకొని తమిళనాడులో మన తెలుగు బతకాల అంటారు. బతకాలంటే బడిలో, పాటలో మాత్రమేనా? ఇంతసేపు బక్, ఎల్‌డీఓ, మైనస్ 517 అన్నీ తెలుగులోనే చెప్పుకొచ్చినాం. మీకు ఎక్కడైనా అడ్డం తగిలిందా? ఆ అమ్మాయి తన మేనేజరుకి ఇంగ్లీషులో రెండు పేజీలు రాసింది, ఆయన చదవలేదు. మాకు సంఘం మెట్ల మీద కూర్చొని తెలుగులో పావుగంట చెప్పింది, మా అమ్మకి కూడా అర్థమయ్యింది. మా అమ్మ అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? మోటరు ఆపకుండా పెడితే బిల్లు ఎవరు కడతారు అని.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి సంఘం మేడ మీద మా సొంత బోర్డు ఒకటి పెడతాం. ఆ కంపెనీది కాదు, అంగట్లో కొన్నదే, ఇదే రకం పీఎంఐసీ ఉన్నది. లైను తీసి చూపిస్తాం, ఆల్వేస్ ఆన్ పెట్టి చూపిస్తాం, నిద్రలో ఎంత లాగుతుందో మీటరు మీద చూపిస్తాం. తర్వాత 2015 మార్పు వేసి మళ్ళీ చూపిస్తాం. అమ్మాయి సంజాయిషీ చిత్తు రాసుకొని వస్తుంది, మెయిలు తేదీలతో సహా. పంపే ముందు ఇద్దరు పెద్దలు చదివి పెట్టాలని అడుగుతుంది. మామా, మీరు తప్పకుండా రండి. మా మల్టీమీటరు మీద నమ్మకం లేకపోతే మీది తెచ్చుకోండి.